తెలిసిన చెయ్యి

రెండడుగుల చదరం, అంగుళం మందం. ఆ కొలత తాండూరు నాపబండ ఒక్కటి పాతిక కిలోల దాకా తూగుతుంది. గనిలో దాన్ని పలుగుతో లేపేవాళ్లు, పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ మీదికి ఎక్కించేవాళ్లు, లారీలో నిలబెట్టి పేర్చేవాళ్లు పొద్దంతా ఇలాంటి బండలనే ఎత్తి దించుతుంటారు. వంగేది నడుము దగ్గర, బరువు ఆనేది నడుము మీద. రాత్రి నిద్ర పట్టనివ్వనిది కూడా ఆ నడుమే. బండల గనులు దాటితే కంది చేలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక కొడవలి పట్టుకొని చెట్టు మొదలు దాకా వంగే మనుషులున్నారు. పత్తి ఏరేవాళ్లకు మెడ, నాటేసేవాళ్లకు మోకాళ్లు, మూటలు మోసే హమాలీకి భుజం. ఎవరు ఏ పని చేస్తారో చెబితే చాలు, నొప్పి ఎక్కడుందో మాలిష్ చేసేవాళ్లు చెయ్యి పెట్టకముందే పోల్చుకుంటారు.

వికారాబాద్‌కు, తాండూరుకు నడుమ రైలు ఆగే ఊరు ధారూర్. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం వేయించిన లైను 1874లో నడక మొదలుపెట్టింది, ఆ పట్టాల పక్కనే ఉందీ ఊరు. ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతరతో దీని పేరు చుట్టుపక్కల జిల్లాలకే గాక కర్ణాటక దాకా తెలుసు. కాస్త దూరంలో అనంతగిరి కొండలు, మూసీ పుట్టిన చోటు. అక్కడి గాలి లక్షలమంది రోగులకు మందని ఉర్దూలో ఒక నానుడి ఉంది. ఆ గాలి కోసమే నిజాం కాలంలో క్షయ రోగుల ఆసుపత్రిని కొండ మీద కట్టారు. ఇప్పుడు శని, ఆదివారాలు హైదరాబాద్ కార్లన్నీ అటే తిరుగుతాయి, ఒళ్లు సేదదీర్చుకోవడానికి. ఈ ప్రాంతపు గాలికి దక్కిన పేరులో నాలుగో వంతు కూడా ఇక్కడి చేతులకు దక్కలేదు. నా బాధంతా అదే.

ఎందుకంటే ధారూర్ లాంటి ఊళ్లలో ఒళ్లునొప్పికి మొదటి వైద్యం మాలిష్. గోలీ ఆ తర్వాత, దవాఖాన ఇంకా తర్వాత. మెడ పట్టేసినా, నడుము పట్టుకపోయినా, కాలు బెణికినా ఊళ్లో ఫలానా ఇంటికి పొమ్మంటారు. ఆ ఇంట్లో ఉండేది మంగలి పని చేసే పెద్దమనిషి కావచ్చు, ఒకప్పుడు కాన్పులు చేసిన మంత్రసాని కావచ్చు, తాలీం ఖానాలో కుస్తీ పట్టిన పహిల్వాన్ శిష్యుడు కావచ్చు. బోర్డు ఉండదు, ఫీజు ఉండదు. సర్టిఫికెట్ అసలే ఉండదు.

చెయ్యి ఏం వెతుకుతుంది?

మంచి మాలిష్‌ను పక్కన కూర్చుని చూడాలి. మనిషిని చాప మీద బోర్లా పడుకోబెడతారు. గోరువెచ్చటి నువ్వుల నూనెను ముందు తమ మణికట్టు మీద వేసుకుని వేడి చూస్తారు. మొదట ఏ బలమూ పెట్టరు. వెన్నుపూసకు అటూ ఇటూ, ఎముకను వదిలేసి, నడుము నుంచి భుజాల దాకా అరచేతులను నిదానంగా జార్చుకుంటూ పోతారు. రెండు మూడు సార్లు అలా పోయి వచ్చేసరికి ఎక్కడ కండ బిగిసిందో, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ తాకగానే ఒళ్లు ముడుచుకుంటోందో చేతికి తెలిసిపోతుంది. అప్పుడు బొటనవేలు దిగుతుంది. కండలో గోలీకాయ లాంటి ముడి తగిలిన చోట నొక్కి పట్టి ఆగుతుంది. "ఈడనేనా?" అని అడుగుతారు గానీ జవాబు కోసం నోటికేసి చూడరు. కాలి వేళ్లు చూస్తారు. నొప్పి ఓర్చుకోలేకపోతే మనిషి అవునన్నా కాదన్నా వేళ్లు ముడుచుకుపోతాయి. అక్కడ బలం తగ్గిస్తారు, ఊపిరి వదలమంటారు. ఊపిరి బయటికి పోతున్నప్పుడే మళ్లీ నొక్కుతారు.

ఇంకొకటి గమనించాలి. చేయి తిరిగినవాళ్లు చేతులతో నొక్కరు, ఒంటి బరువుతో నొక్కుతారు. మోచేతులు నిటారుగా పెట్టి, మోకాళ్ల మీద ముందుకు వాలుతారు. కొత్తవాళ్లు చేతుల బలమంతా పెట్టి, నాలుగేళ్లు తిరక్కముందే బొటనవేళ్లు, మణికట్లు పాడుచేసుకుంటారు. ఈ వృత్తిలో తొందరగా అరిగేది చేసేవాళ్ల బొటనవేలే. ఊళ్లో అందరి నొప్పులు దించిన మనిషికి ఒళ్లు పట్టే చెయ్యి మాత్రం చాలాసార్లు దొరకదు.

నరం మీద నరం ఎక్కిందని మనవాళ్లంటారు. నరాలు అలా ఎక్కవు. బిగుసుకుపోయిన కండరమే వేలికి తాడులా తగులుతుంది. చెప్పే కారణం తప్పే, కానీ వేలు ఆగిన చోటు మాత్రం తప్పు కాదు. ఇద్దరు ముగ్గురు ఫిజియోథెరపిస్టులతో ఈ మాటే అంటే కాదనలేదు.

హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాలలో యునానీ వైద్యం నేర్పుతారు. అందులో మర్దనకు 'దల్క్' అని పేరు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా దాన్ని నాలుగు రకాలు చేసి చెప్పాడు. గట్టి మర్దన ఒంటిని బిగిస్తుంది, మెత్తని మర్దన వదులు చేస్తుంది, ఎక్కువసేపు చేస్తే ఒళ్లు తగ్గుతుంది, మితంగా చేస్తే కండ పడుతుంది. ఆయుర్వేదంలో ఇది అభ్యంగం. రోజూ చేసుకోవాలని, తలకు, చెవులకు, అరికాళ్లకు మరీ ముఖ్యమని వాగ్భటుడు చెప్పాడు. అజీర్ణం చేసినవాళ్లకు, కఫం ముదిరినవాళ్లకు వద్దని కూడా ఆయనే చెప్పాడు. మొదటి మాట అందరికీ గుర్తుంది. రెండోది మరిచిపోయాం. యూరప్‌లో 19వ శతాబ్దంలో హాలండ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్ మర్దనలోని కదలికలను విడదీసి పేర్లు పెట్టాడు. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం. స్పాలలో ఇప్పుడు స్వీడిష్ మసాజ్ పేరుతో వేలు తీసుకుని చేసేది ముఖ్యంగా ఈ నాలుగే. మన ఇళ్లలో అమ్మమ్మల చేతులకు ఈ నాలుగూ ఎప్పుడో తెలుసు.

నొప్పి నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. ఎంత, ఎన్నాళ్లు అన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. 2050 నాటికి 84.3 కోట్లవుతారని అంచనా. దీర్ఘకాలపు నడుము నొప్పికి ఏం చేయాలో ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం వంటివాటితో పాటు మర్దనకూ అందులో చోటిచ్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కన్నా ముందు కాపడం, మర్దన వంటివి చూడమంది. రెండు చోట్లా ఒకే జాగ్రత్త కనిపిస్తుంది. మర్దనకు ఉన్న ఆధారాలు ఇంకా బలహీనమైనవే. ఉపశమనం వస్తుంది, అది కొద్ది రోజులది. బండలెత్తే పద్ధతి మారకుండా, నడుము కండలకు బలం రాకుండా మాలిష్ ఒక్కటే నొప్పిని శాశ్వతంగా తీసేయదు.

కండలో ఏం జరుగుతుందో 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం చూసింది. పదకొండు మంది కుర్రాళ్లతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించారు. ఒక్కొక్కరికి ఒక తొడకు మాత్రం 10 నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ కండ ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన వైపు వాపుకు కారణమయ్యే సంకేతాలు తగ్గాయి. కణాలు తమను తాము బాగుచేసుకునే పని పుంజుకుంది. మర్దనతో కండల్లోని లాక్టిక్ ఆమ్లం పోతుందని జిమ్‌లలో ఇప్పటికీ చెబుతారు కదా, అది మాత్రం కనబడలేదు.

చర్మం సంగతి ఇంకా నచ్చింది నాకు. వెంట్రుకలున్న చర్మంలో కొన్ని సన్నటి నాడులు ఉంటాయి. వాటిని వేగంగా రుద్దితే పెద్దగా పలకవు. సెకనుకు మూడు సెంటీమీటర్ల దరిదాపుల్లో, వెచ్చని చేత్తో నిమిరితే బాగా స్పందిస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు వీటి మీద ఏళ్లకేళ్లు పనిచేశారు. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం దాదాపు అదే.

కాళ్ల మీద పసిగుడ్డు

తెలుగు నేలలో మర్దన ఎక్కువగా బతికింది పసిపిల్లల దగ్గరే. పొద్దున పొయ్యి మీద నీళ్లు కాగుతుంటాయి. అవ్వ చిన్న పీట మీద కూర్చుని కాళ్లు చాపుతుంది. ఆ రెండు కాళ్ల నడుమ గుంటలో పసిగుడ్డును పండబెడుతుంది. ఈ ప్రాంతంలో కుసుమలు పండుతాయి కాబట్టి కొన్ని ఇళ్లలో కుసుమ నూనె, కొన్నింట నువ్వులది, కొన్నింట కొబ్బరిది. అరికాళ్ల నుంచి తొడల దాకా, అరచేతుల నుంచి భుజాల దాకా రుద్దుతుంది. కుడి చెయ్యి, ఎడమ కాలు కలిపి ఒకసారి, ఎడమ చెయ్యి, కుడి కాలు కలిపి ఒకసారి మడిచి చాపుతుంది. నలుగుపిండి పెట్టి నీళ్లు పోస్తుంది. పక్కన బాలింత బెదిరిపోతూ ఉంటుంది.

"మెల్లగ అవ్వా, ఏడుస్తున్నడు."

"ఏడ్వనీ బిడ్డా. పాలు తాగి ఎట్ల పంటడో సూడు."

నిజంగానే పంటడు. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రచురించిన పరిశోధనలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున పది రోజులు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ కదిలించారు. వాళ్లు మిగతా పిల్లలకన్నా రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. పాలు మాత్రం అంతే తాగారు. ఆసుపత్రి నుంచి ఆరు రోజులు ముందే ఇంటికి వెళ్లారు. మరీ పైపైన తాకితే పిల్లలు చక్కిలిగింత పెట్టినట్టు చిరాకు పడతారని, కాస్త ఒత్తిడి ఉండాలని కూడా తర్వాత తేలింది. అవ్వలు ఆ కాస్త ఒత్తిడి ఎప్పటి నుంచో పెడుతున్నారు.

అవ్వలు చేసే అన్నింటినీ వెనకేసుకు రాను. పసిబిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పుట్టిన పిల్లల ఛాతీ మీద కొద్దిగా ఉబ్బు ఉంటుంది, తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది. పాలు తీయాలని దాన్ని పిండితే చీము పడుతుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే కొద్ది వారాల్లో దానంతటదే పోతుంది. తల గుండ్రంగా రావాలని మాడు దగ్గర నొక్కడం, సాంబ్రాణి పొగలో బిడ్డను పట్టడం, తలకిందులుగా వేలాడదీయడం మానాల్సినవే. చెబితే వింటారా అంటే, వింటారు. ఎవరైనా మర్యాదగా, పక్కన కూర్చుని చెప్పాలి.

2017లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు దవాఖానల్లో కాన్పైన తల్లులకు ఇవ్వడం మొదలుపెట్టిన కిట్‌లో సబ్బు, దోమతెరలతో పాటు నూనె కూడా ఉండేది. ఆ నూనె ఎవరి చేతుల్లోకి పోతుందో సర్కారుకు తెలుసు. ఆ చేతులకు అరగంట పాఠం మాత్రం కిట్‌లో లేదు. అదే ఏడాది రాష్ట్రం ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. గొప్ప పని. కాన్పు దవాఖానకు మారింది, మారాల్సిందే. కానీ కాన్పు తర్వాత ఇంట్లో బాలింతకు, బిడ్డకు నీళ్లు పోసే చెయ్యి ఏ శిక్షణ లెక్కలోకీ రాకుండా మిగిలిపోయింది.

ఎందుకు దాచుకున్నారు?

ఈ పని నేర్చినవాళ్లు పిల్లలకు నేర్పడానికి ఎందుకు ఇష్టపడరో తెలియాలంటే వెట్టి రోజులు గుర్తు చేసుకోవాలి. నిజాం ఏలుబడిలో దొరల గడీల్లో మంగలివాళ్లు క్షవరంతో పాటు కాళ్లొత్తాలి, ఒళ్లు పట్టాలి. పిలిచినప్పుడు పోవాలి, కూలి అడగకూడదు. తెలంగాణ రైతాంగ పోరాటం ఎదిరించినవాటిలో ఈ వెట్టి ఒకటి. విద్యగా చేతికి వచ్చిన పని ఊడిగంగా మారితే ఆ విద్య మీద గౌరవం ఎలా మిగులుతుంది? కొడుకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చేస్తున్నాడని చెప్పుకోవడంలో వాళ్లకు ఉండే సంతోషాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు.

పట్నంలో అనుమానం ఇంకో రూపంలో ఉంది. మసాజ్ సెంటర్ల మీద పోలీసు దాడుల వార్తలు చదివి చదివి, ఈ పని చేసే ఆడపిల్ల తన వృత్తి పేరు ఇంటి ఓనరుకు చెప్పుకోలేదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1894లో లండన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మర్దన పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టింది. దాంతో నిజాయితీగా పనిచేస్తున్న నర్సుల పరువూ పోయే పరిస్థితి వచ్చింది. రోజలిండ్ పాజెట్, లూసీ రాబిన్సన్, మార్గరెట్ పామర్, ఎలిజబెత్ మాన్లీ అనే నలుగురు నర్సులు భయపడి తప్పుకోలేదు. శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టుకున్నారు. వైద్యుడు చెబితేనే మర్దన, మందులు అమ్మకూడదు, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలివ్వకూడదు అని తమకు తామే కట్టుబాట్లు రాసుకున్నారు. పరీక్షలు పెట్టారు. 1920లో ఆ సంఘానికి రాజముద్ర దక్కింది. నేటి బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల సంఘం అదే.

అదే 1894లో మన దగ్గరా ఒకటి జరిగింది. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతి వైద్య గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి ఆ తెలుగు పుస్తకమే తొలి అడుగని చెబుతారు. ఆ తోవలోనే డాక్టర్ బి.వెంకట్రావు 1949లో హైదరాబాద్‌లో ప్రకృతి చికిత్సాలయం స్థాపించారు. 1970లో దానికి కళాశాల వచ్చింది. మట్టిపట్టీలు, తొట్టి స్నానాలతో పాటు మర్దన అక్కడ చికిత్సలో భాగం. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు చేస్తారు. ఎవరికి, ఎంతసేపు అన్నది డాక్టరు రాస్తారు. మర్దనకు గౌరవం తెచ్చిన పద్ధతి ఇది. జపాన్‌లో పదిహేడో శతాబ్దంలోనే సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు చూపు లేనివాళ్లకు మర్దన, సూది వైద్యం నేర్పే బడులు పెట్టాడు. నేటికీ అక్కడ ఎందరో అంధులకు ఇది లైసెన్సు ఉన్న వృత్తి.

ఆగాల్సిన చోట్లు

ఈ వృత్తిలో పెద్ద పరీక్ష, చెయ్యి వేయకూడనప్పుడు వేయకుండా ఉండగలగడం. బాలింతకు ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పుడుతుంటే దాన్ని రుద్దకూడదు. కాన్పు తర్వాత వారాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. పడినచోట ఎముక వంకరపోయినా, తాకనివ్వకపోయినా, మోపలేకపోయినా మాలిష్ కాదు, ఎక్స్‌రే. జ్వరం ఉన్నప్పుడు వద్దు. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

అన్నింటికన్నా చెప్పాల్సింది మెడ విరుపు గురించి. క్షవరం అయ్యాక తల అటూ ఇటూ తిప్పి టక్కుమనిపించడం చాలామందికి ఇష్టం. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు, మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా పోతాయి. ఝాడించి తిప్పితే వాటి లోపలి పొర చిరగవచ్చు. సెలూన్లలో తల వెనక్కి వాల్చి కడిగించుకున్నాక పక్షవాతం వచ్చిన ఆడవాళ్ల గురించి 1993లోనే అమెరికా నరాల వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ రాశాడు. 2022లో హైదరాబాద్‌లోనూ అలాంటి కేసు వార్తల్లోకి వచ్చింది. తల నిమిరించుకోండి, నూనె అంటించుకోండి. మెడ మాత్రం విరిపించుకోకండి.

వికారాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఊళ్లలో ఆశా కార్యకర్తలున్నారు. మాలిష్ చేసేవాళ్లు ఎవరో ఆశాలకు ఇంటింటా తెలుసు. ధారూర్ మండలంలోని అలాంటి చేతులన్నింటినీ ఒక మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రానికి పిలిచి, కుర్చీలేసి కూర్చోబెట్టి, వాళ్ల నుంచి తెలుసుకోవాల్సింది తెలుసుకుని, పైన రాసిన ప్రమాద సంకేతాలు చెప్పి, ఇలాంటివాళ్లు వస్తే మా దగ్గరికి పంపండని ఒక ఫోన్ నంబరిస్తే చాలు. డబ్బు పెద్దగా కాదు. నడుము పట్టిన బండల కార్మికుడికి ఫిజియోథెరపిస్టు నాలుగు వ్యాయామాలు చూపిస్తే, వాటిని మరిచిపోకుండా చేయించేది రోజూ ఆ నడుము మీద చెయ్యి వేసే మనిషే.

కూలి సంగతి మిగిలింది. ఎంత ఇవ్వాలని అడిగితే "నీకు తోచింది ఇయ్యి" అంటారు. కొన్ని ఇళ్లలో ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగకు చీర పెట్టి సరిపెడతారు. అనంతగిరి రిసార్టులో గంట మర్దనకు బిల్లు చూసి మారు మాట్లాడకుండా కట్టేవాళ్లం, ఊళ్లో గంటన్నర సేపు చెమటోడ్చి నడుము నిలబెట్టిన చేతికి నూటయాభై ఇచ్చి గొప్పగా ఇచ్చామనుకుంటాం. తాండూరులో బండ మోసిన హమాలీ కూడా మోసినన్ని బండలకు లెక్క కట్టి కూలి అడుగుతాడు. మాలిష్ చేసేవాళ్లకూ ముందే రేటు అడిగి, వాళ్లు మొహమాటపడితే మనమే రోజు కూలి లెక్కగట్టి చేతిలో పెట్టాలి. తోచినంత కాదు, పనికి తగినంత.